గ్వాడెలూప్ మేకలు: పలుపు నుంచి కంచెకు, కంచెతో నట్టలు

కరీబియన్‌లోని ఫ్రెంచ్ దీవి గ్వాడెలూప్‌లో బానిసత్వం 1848లో రద్దయింది. చెరకు తోటల్లో పనికి 1854 చివరి నుంచి దక్షిణ భారత కూలీలను ఓడల్లో దించారు. మేకలు అక్కడ అంతకుముందే ఉన్నాయి. మారియమ్మకు మేకపోతును బలివ్వడం, ‘కొలొంబో’ మసాలా కూర మాత్రం ఈ కూలీలతో వచ్చాయి. పోతుకు గిరాకీ తగ్గకపోవడానికి అదొక కారణం.

పాత పద్ధతిలో ఖర్చు తక్కువ. మెడకు మూడు నాలుగు మీటర్ల తాడో గొలుసో, దారి పక్కన ఒక ఇనుప మేకు, అంతే. రోజూ చోటు మార్చేవారు. ఇంటికి కొద్ది మేకలే కాబట్టి మేసిన చోటికి మళ్లీ వచ్చేసరికి వారాలు గడిచేవి. మేక కడుపులో చేరే పురుగులు, అంటే నట్టలు, హద్దులో ఉన్నది అందుకే. ఇది ఎవరూ తలపెట్టి చేసింది కాదు.

మందలు పెంచాలనుకున్నాక కంచెలు, నీటితడి, ఎరువు, పంగోలా గడ్డి వచ్చాయి. మేతతో పాటు హెక్టారుకు మేకలూ పెరిగాయి. రక్తం పీల్చే హీమాంకస్ నట్టకు అంతకన్నా ఏం కావాలి? ఆడ నట్ట రోజుకు ఐదు వేల గుడ్ల దాకా పెడుతుంది. తడి, వేడి ఉంటే పెంటికల్లోని గుడ్లు వారం తిరిగేసరికి గడ్డి మీదికి పాకే లార్వాలవుతాయి. అవి కడుపులో చేరిన మేకకు కనురెప్ప లోపలి ఎరుపు పోయి తెల్లబారుతుంది, దవడ కింద నీరు దిగుతుంది. ఈనిన తల్లులు, పాలు మాన్పించిన పిల్లలు ముందుగా కూలబడతాయి.

దీనికి విరుగుడుగా నట్టల మందు మాటిమాటికీ తాగించారు. మేక శరీరం మందును గొర్రె కన్నా త్వరగా వదిలించుకుంటుంది. గొర్రె మోతాదే పోస్తే మొండి నట్టలు మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. బెంజిమిడజోల్ అనే రకం నట్టల మందులు అలాగే పదును కోల్పోయాయి.

తిప్పి మేపడం ఇంతకన్నా నమ్మదగిన దారి. ఐదు మడులు కట్టి, ఒక్కోదాంట్లో 7 రోజులు మేపి 28 రోజులు వదిలేయాలి. లార్వాలను త్వరగా పుట్టించే వేడే వాటిని త్వరగా చంపుతుంది కూడా. నాలుగైదు వారాల్లో చాలావరకు పోతాయి. విరామం కుదిస్తే ఫలితం ఉండదు, బాగా సాగదీస్తే పంగోలా ముదిరి పీచవుతుంది. దీనికి తోడు, క్రియోల్ అనే స్థానిక జాతి మేకల పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టి, తక్కువ తేలిన వంశాల నుంచి విత్తనపు పోతులను ఎంచుకోవచ్చు.

మళ్లీ పలుపుకే పోదామంటే గ్వాడెలూప్ పడమటి భాగమైన బాస్-తేర్ వైపు ఇంకో చిక్కు ఉంది. అరటి తోటల్లో 1972-1993 మధ్య చల్లిన క్లోర్‌డెకోన్ అనే పురుగుమందు ఇంకా మట్టిలోనే ఉంది. తాడు అందినంత మేర గడ్డి అయిపోతే మేక మొదళ్లు కొరుకుతూ మట్టి మింగుతుంది, విషం కాలేయంలో, కొవ్వులో చేరుతుంది. అక్కడ గడ్డి పొట్టిబడకముందే మేకు మార్చాలి. కోతకు పంపే ముందు, పరీక్షలో శుభ్రమని తేలిన నేలలో కొన్ని వారాలు మేపాలి.