లక్ష రూపాయల వీల్స్, గాలి తగ్గిన టైర్లు: సైకిల్ అప్‌గ్రేడ్లపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సైకిళ్ల సర్వీసింగ్ నా పని. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో తెరిచాక షాపుకొచ్చే ప్రశ్నల తీరు మారింది. ఒకప్పుడు పంక్చరు, బ్రేకు రబ్బర్లు అంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో ఏదో పార్టు బొమ్మ చూపించి "అన్నా, ఇది వేస్తే స్పీడు ఎంత పెరుగుతుంది?" అంటున్నారు. పార్టులు అమ్మేవాణ్ణి నేనే కాబట్టి "బాగా పెరుగుతుంది" అంటే నాకే లాభం. కానీ ఆర్నెల్లకు ఆ సైకిల్ మళ్లీ నా స్టాండు మీదికే వస్తుంది. పెరగని స్పీడుకు అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది కూడా నేనే.

ముందు ఒక లెక్క చూడండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుందాం. గాలి లేని రోజు చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లు పోవాలంటే కాళ్లు సుమారు 150 వాట్లు ఇవ్వాలి. అందులో ముప్పావు వంతు గాలిని చీల్చడానికే పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం టైర్లు తింటాయి. చైను, బేరింగులు, గేర్లు పంచుకునేది ఆ చివరి కాస్త.

అపోహ: సైకిల్ బరువు తగ్గితే స్పీడు పెరుగుతుంది.

చదును రోడ్డు మీద బరువు ప్రభావం దాదాపు తెలియదు. ఎక్కుడులో తెలుస్తుంది, అయితే ఎంత? ఒక కిలోను 100 మీటర్ల ఎత్తుకు మోయడానికి 981 జౌళ్ల శక్తి కావాలి. 200 వాట్లతో తొక్కేవాడికి అది ఐదు సెకన్ల పని. మన బెంగళూరు మిత్రులు ఎక్కే నంది హిల్స్‌లో ఎక్కాల్సిన ఎత్తు 400 మీటర్లకు పైనే అనుకున్నా, ఒక కిలో తగ్గిస్తే మిగిలేది ఇరవై సెకన్ల చిల్లర. అదీ అరగంటకు పైగా పట్టే ఎక్కుడులో.

ఇప్పుడు దీన్ని ధరతో కలిపి చూడండి. షిమానో కంపెనీ అల్టెగ్రా గ్రూప్‌సెట్‌కూ (గేర్లు, బ్రేకులు, క్రాంకు కలిపిన సెట్) దానిపైనున్న డ్యూరా-ఏస్‌కూ బరువులో తేడా మూడు వందల గ్రాముల లోపే. ధరలో తేడా ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. బాటిల్లో నీళ్లు సగం తాగితే అంతకంటే ఎక్కువ బరువు దిగిపోతుంది. రేసుల్లో సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2000 నుంచి నియమం పెట్టింది. అక్కడ ఆ మూడు వందల గ్రాములకు విలువ ఉంది, సెకన్ల తేడాతో గెలుపోటములు తేలతాయి కాబట్టి. ఆదివారం పొద్దున గండిపేట చుట్టి వచ్చి ఇడ్లీ తినేవాళ్లకు ఆ సెకన్లతో ఏం పని?

అపోహ: చక్రం మీద తగ్గిన గ్రాము, ఫ్రేమ్ మీద తగ్గిన పది గ్రాములతో సమానం.

ఈ పది ఎక్కడినుంచి వచ్చిందో గానీ కార్బన్ వీల్స్ అమ్మేచోట తరచూ వినిపిస్తుంది. లెక్క ప్రకారం రిమ్ అంచున ఉన్న బరువుకు ఇంకో రెట్టు మాత్రమే కలుస్తుంది, అది కూడా వేగం పెంచే క్షణాల్లోనే. రిమ్ముల్లో 400 గ్రాములు తగ్గించారనుకోండి. ఆగిన చోటునుంచి 30 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఆదా అయ్యే శక్తి 28 జౌళ్లు. 200 వాట్లతో తొక్కితే సెకనులో ఏడో వంతు. ఒకే వేగంతో పోతున్నప్పుడు అదీ లేదు.

లోతైన కార్బన్ రిమ్ గాలిని కొంచెం బాగా చీలుస్తుందన్నది నిజమే. ఆ లాభం వేగంగా తొక్కేవాళ్లకే ఎక్కువ దక్కుతుంది. గంటకు 22 కిలోమీటర్లతో పోయేవాళ్లు అరవై, డెబ్బై వేలు పెట్టి వేయించుకుంటే నాకు దక్కేది లాభం, వాళ్లకు దక్కేది టైరు రోడ్డు మీద చేసే బోలు చప్పుడు. ఆ చప్పుడు బాగుంటుంది, కాదనను.

అపోహ: టైర్లు సన్నగా ఉండాలి, గాలి రాయిలా కొట్టాలి.

డబ్బు పెట్టాల్సింది ఇక్కడ, చాలామంది పెట్టనిదీ ఇక్కడే.

టైరు రోడ్డును తాకేచోట నలిగి, మళ్లీ విచ్చుకుంటుంది. ఆ నలగడంలో రబ్బరు మింగేసే శక్తే అసలు నష్టం. పల్చని, సాగే అల్లికతో చేసిన మంచి రేసింగ్ టైరుకూ, సైకిల్‌తో పాటు వచ్చే మొద్దు టైరుకూ మధ్య తేడా 30 కిలోమీటర్ల వేగంలో రెండు చక్రాలకు కలిపి ఇరవై వాట్లు ఉండొచ్చు. 150 వాట్లలో ఇరవై! అంతే శ్రమతో గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు ఎక్కువ పోతారు. జత పది వేలకు అటూఇటూగా దొరుకుతుంది. ఇంత ధరలో ఇంత తేడా చూపించే పార్టు సైకిల్ మీద మరొకటి లేదు.

వెడల్పు సంగతి కూడా తిరగబడింది. పదిహేనేళ్ల కిందట రేసుల్లో 23 మిల్లీమీటర్ల టైర్లుండేవి. ఇప్పుడు 28, 30 వేస్తున్నారు. ఒకే గాలి ఒత్తిడిలో వెడల్పు టైరు రోడ్డును తాకే మచ్చ పొట్టిగా ఉంటుంది, తక్కువ నలుగుతుంది. పైగా వెడల్పు టైర్లో గాలి తగ్గించుకోవచ్చు. మన రోడ్ల మీద రాయిలా కొట్టిన టైరు ప్రతి గతుక్కీ ఎగురుతుంది, ఆ ఎగురుడు మీ నడుములోకి ఎక్కుతుంది. టైరు పక్కన రాసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి) అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. అంత కొట్టాలని కాదు దాని అర్థం. 75 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైర్లో 70–75 పీఎస్‌ఐ చాలు.

అయితే పల్చని టైరుకు ముల్లు తేలిగ్గా దిగుతుంది. తుమ్మ ముళ్లు, సీసా పెంకులు ఉన్న దారుల్లో తొక్కేవాళ్లకు, బ్రెవేలకు (గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్లకు) పోయేవాళ్లకు నేను మొద్దు టైరే చెబుతాను. 200 కిలోమీటర్ల బ్రెవేకి పదమూడున్నర గంటల గడువుంటుంది. అంటే ఆగినవన్నీ కలిపి గంటకు 15 కిలోమీటర్లు వస్తే చాలు. అక్కడ సమయం తినేది టైరు మింగే వాట్లు కాదు, రాత్రి రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు మార్చుకోవడం.

ఏ టైరైనా వారానికోసారి గాలి చూసుకోవాలి. ట్యూబు పంక్చరు కాకపోయినా గాలి దిగుతూనే ఉంటుంది. గేజి ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. లక్ష రూపాయల వీల్స్ వేసుకుని గాలి సగం దిగిన టైర్లతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

అపోహ: ఇరవై వేల హైబ్రిడ్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే సైకిల్) కొని ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే లక్ష రూపాయల సైకిల్ అవుతుంది.

కాదు. లక్ష ఖర్చవుతుంది, సైకిల్ మాత్రం ఇరవై వేలదే.

కారణం ఏమిటంటే, ఒక్క పార్టు విడిగా మారదు. చౌక హైబ్రిడ్లలో ఎక్కువగా వెనుక ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్ ఉంటుంది, అది చక్రం మధ్యలోని హబ్‌కు స్క్రూలా తిప్పితే బిగుస్తుంది. తొమ్మిది, పది గేర్ల క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) ఆ హబ్ మీద కూర్చోదు. అంటే హబ్ మార్చాలి. హబ్ మార్చి పుల్లలన్నీ మళ్లీ అల్లే కూలి కంటే కొత్త వెనుక చక్రమే నయం. తర్వాత హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్లు, చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్, చైను. షిమానో ఎంటీబీ (మౌంటెన్ బైక్) పది గేర్ల షిఫ్టర్ వైరును లాగే కొలత వేరు, తొమ్మిది గేర్ల డీరైలర్‌తో అది కుదరదు. అందుకని రెండూ కలిపి కొనాలి. కొత్త చైను ముందున్న పాత పళ్లచక్రాల మీద సరిగా నడవకపోతే క్రాంకు. ఇలా తడిసి మోపెడవుతుంది.

ఇక ఫ్రేమ్ కొలతలు. ఇప్పుడొచ్చే మంచి వీల్స్ చాలావరకు లావు ఇరుసు దూరే త్రూ-యాక్సిల్‌వి, మంచి ఫోర్కులు కిందకు లావెక్కే టేపర్ గొట్టంవి. పాత తరహా ఫ్రేమ్‌లో ఇవి దూరవు. సైకిల్ కంపెనీలు పార్టుల్ని టోకున కొంటాయి కాబట్టి, అవే పార్టులున్న పూర్తి సైకిల్ ధర విడి పార్టుల మొత్తం కంటే బాగా తక్కువ పడుతుంది. మీకు నిజంగా పై స్థాయి కావాలంటే ఉన్నది అమ్మేసి సైకిలే మార్చండి. అమ్మేటప్పుడు కొనేవాడు ఫ్రేమ్ పేరు చూసి ధర కడతాడు, మీరు వేసిన డీరైలర్‌ను చూసి కాదు.

హైబ్రిడ్ మీద ఖర్చు పెట్టదగ్గవి లేవా? ఉన్నాయి. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, గ్రిప్పులు, పెడళ్లు. వైరుతో నడిచే డిస్క్ బ్రేకులుంటే షిమానో ఎంటీ200 లాంటి మామూలు హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) సెట్ వేయించుకోవచ్చు. వానలో నిండు బరువుతో ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒక వేలితో ఆగుతుంది. ఈ ఒక్క అప్‌గ్రేడ్‌కు నేనే ముందుగా సలహా ఇస్తాను. ముందు "షాక్" ఉంటేనే గొప్ప అనుకోకండి. చౌక స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల దాకా తూగుతుంది, ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి కదలదు. మామూలు ఇనుప ఫోర్కు వేస్తే కిలోకు పైగా తగ్గుతుంది.

అపోహ: గేర్లు సరిగా పడట్లేదు, డీరైలర్ మార్చాల్సిందే.

నా దగ్గరకు ఈ మాటతో వచ్చే సైకిళ్లలో చాలావాటికి తుప్పు పట్టిన వైరు, దాని పైతొడుగు మారిస్తే సరిపోతుంది. కొన్ని సందు పార్కింగ్‌లో కుడివైపు పడి హ్యాంగర్ వంగినవి. డీరైలర్ ఫ్రేమ్‌కు తగిలే ఆ చిన్న అల్యూమినియం ముక్క రెండు మిల్లీమీటర్లు వంగినా ఏ ఖరీదైన డీరైలర్ వేసినా గేరు పడదు. ఇంకొన్నింటికి చైను అరిగి ఉంటుంది.

చైను అరుగుదలను ఇంట్లోనే స్కేలుతో చూసుకోవచ్చు. పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం ఉంటుంది కాబట్టి కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు సున్నాను ఒక పిన్ను మీద పెట్టండి, 24వ లింకు చివరి పిన్ను 12 గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతు జరిగాక వస్తే క్యాసెట్ కూడా పోయినట్టే, బిల్లు మూడింతలు.

అపోహ: పై మోడల్ అయితే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఒక మెట్టు వరకు నిజం. షిమానోలో టూర్నీ నుంచి డియోరెకి, క్లారిస్ నుంచి 105కి వెళ్తే మన్నిక, మార్పులో నున్నదనం రెండూ తెలుస్తాయి. ఆ పైన మీరు కొనేది తేలిక. డ్యూరా-ఏస్ క్యాసెట్లో పెద్ద పళ్లచక్రాలు టైటానియంవి, కింది మోడళ్లలోని ఉక్కు కంటే తొందరగా అరుగుతాయి. స్పాన్సర్ ఉన్న రేసర్‌కు అది సమస్య కాదు.

అపోహ: సిరామిక్ బేరింగులు వేస్తే చక్రం ఆగకుండా తిరుగుతుంది.

స్టాండు మీద తిరుగుతుంది. రోడ్డు మీద చక్రం ఉత్తగా తిరగదు, మనిషిని మోస్తుంది. మంచి ఉక్కు బేరింగుల్లో పోయే మొత్తం శక్తే వాటు, రెండు వాట్లు. అందులో ఎంత మిగిల్చినా ఎంత? పూర్తిగా ఒక వాటు మిగిలినా 30 కిలోమీటర్ల వేగంలో వంద కిలోమీటర్లకు అర నిమిషం. అసలు గుండ్ల కంటే సీలు, గ్రీజు ఎక్కువ అడ్డుపడతాయి. వానాకాలంలో ఆ సీలే బేరింగును కాపాడుతుంది కాబట్టి దాన్ని పీకలేం కూడా. స్కాట్లాండ్ సైక్లిస్టు గ్రేమ్ ఓబ్రీ 1993లో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. తనే తయారు చేసుకున్న ఆ సైకిల్లో వాడినవి వాషింగ్ మెషీన్ బేరింగులు.

ఓబ్రీని గెలిపించింది కూర్చున్న తీరు. చేతులు ఛాతీ కిందకు మడిచి గాలికి తక్కువ తగిలేలా వంగాడు. దీనికి ఇంకా గట్టి ఉదాహరణ బ్రిటన్ రేసర్ క్రిస్ బోర్డ్‌మన్. 1996లో చేతులు ముందుకు చాచిన భంగిమలో గంటకు 56.375 కిలోమీటర్లు తొక్కాడు. 2000లో అదే మనిషి, యూసీఐ నియమం ప్రకారం మామూలు వంపు హ్యాండిల్, గుండ్రటి గొట్టాల ఫ్రేమ్, మామూలు పుల్లల చక్రాలతో తొక్కితే వచ్చింది 49.441. ఇలాంటి మామూలు సైకిల్ మీదే బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో తొక్కింది 49.431. మెర్క్స్‌కు అక్కడి పల్చని గాలి కలిసొచ్చింది, బోర్డ్‌మన్ ఒంటి సత్తువ కూడా నాలుగేళ్లలో తగ్గింది. అది తీసేసినా బోర్డ్‌మన్ రెండు రికార్డుల మధ్య ఏడు కిలోమీటర్ల తేడాలో ఎక్కువ భాగం గాలిదే. మీరూ నేనూ ఆ భంగిమలు పెట్టలేం. కానీ మోచేతులు కాస్త మడిచి, టపటపలాడే వదులు చొక్కా బదులు ఒంటికి అతికే జెర్సీ వేసుకుని వంగితే ఇరవై వాట్ల దాకా మిగులుతాయి.

అపోహ: సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం.

అరగంట వరకే. తర్వాత జెల్ నలిగి, ఎముకల మధ్య మెత్తటి చోట ఒత్తిడి పడి తిమ్మిరెక్కుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకు తగిన కాస్త గట్టి సీటు కావాలి. సీటు కొనేముందు దాని ఎత్తు సరిచూడండి. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు పూర్తిగా చాచుకోవాలి. సగం నడుము నొప్పులు, మోకాలి నొప్పులు అక్కడే తేలిపోతాయి, ఖర్చు ఒక అలెన్ కీ.

అపోహ: ఎలక్ట్రానిక్ గేర్లు వేగం పెంచుతాయి.

పెంచవు. వైరు తుప్పు, సర్దుబాటు బాధ తప్పుతాయి. వేళ్లలో బలం తగ్గినవాళ్లకు నిజంగా మేలు. ఛార్జింగ్ మర్చిపోతే ఉన్న గేర్లోనే ఇంటికి రావాలి.

అపోహ: కార్బన్ అంటే కార్బనే, చౌకగా దొరికితే ఇంకా మంచిది.

పేరున్న కంపెనీల గుర్తులు అచ్చేసిన నకిలీ హ్యాండిళ్లు, సీటు పోస్టులు ఆన్‌లైన్‌లో పదో వంతు ధరకు దొరుకుతాయి. లోపల ఎన్ని పొరలు వేశారో, జిగురు ఏమిటో బయటికి కనపడదు. అల్యూమినియం ముందు వంగుతుంది, కార్బన్ చెప్పకుండా విరుగుతుంది. అసలైనదాన్ని కూడా చేతి అంచనాతో బిగిస్తే పగులుతుంది. పార్టు మీద 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని రాసుంటే టార్క్ రెంచీతో అంతే బిగించాలి. జారకుండా గ్రీజు కాదు, ఇసుక లాంటి రేణువులుండే కార్బన్ పేస్టు రాయాలి. కింద పడి గట్టి దెబ్బ తగిలిన కార్బన్ హ్యాండిల్‌ను "బానే ఉందిగా" అని తెచ్చి బిగించమంటారు కొందరు. నేను బిగించను. ఆ సైకిల్‌కు మామూలు అల్యూమినియం హ్యాండిల్ వేసి పంపుతాను.