పద్దెనిమిదేళ్ల దాకా బాగానే ఉన్నాడు

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో తెల్లవారుజామున విశాఖ బస్సెక్కితే, ఓసారి పక్క సీట్లో ఒక తల్లీ కొడుకూ కూర్చున్నారు. కుర్రాడి మణికట్టుకు నల్లతాడు, మెడలో తాయెత్తు. ఆవిడ ఒళ్లో బట్టల షాపు సంచి, దాన్నిండా మడతలు నలిగిన మందుల చీటీలు. వెళ్లేది వాల్తేరు మానసిక ఆసుపత్రికి. "పద్దెనిమిదేళ్ల దాకా బాగానే ఉన్నాడు బాబూ. ఇంటర్ అయినాక ఏటో గాలి తగిలీసింది" అంది.

ఆ వయసులోనే ఎందుకు? ఊళ్లో కారణాలకు కొదవ లేదు. దిష్టి, చేతబడి, ప్రేమ గొడవ, పరీక్షల టెన్షన్. ఏదీ కుదరకపోతే తల్లి పెంపకం. ఈ చివరి నింద మన పల్లెల్లోనే పుట్టిందనుకోనక్కర్లేదు. స్కిజోఫ్రీనియాకు (లేని మాటలు వినబడే, లేనిపోని అనుమానాలు కమ్మే మానసిక జబ్బుకు) తల్లి తీరును ముడిపెట్టే మాటను 1948లో ఫ్రీడా ఫ్రామ్-రీచ్‌మన్ అనే మనోవైద్యురాలే వాడారు. ఎందరో తల్లులు ఆ మాటను దశాబ్దాలు మోశారు.

విజయనగరం జిల్లా ఏర్పడిన 1979లోనే, అమెరికాలో పీటర్ హటెన్‌లాకర్ అనే నరాల వైద్యుడు చనిపోయినవారి మెదడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, నాడీకణాలు ఒకదాన్నొకటి అందుకునే చోట్లను (సినాప్స్‌లను) ఓపిగ్గా లెక్కపెట్టారు. మెదడు ముందుభాగంలో పసివాళ్లకున్నంత ఒత్తుగా పెద్దవాళ్లకు లేవు. గోగు చేలో ఒత్తు మొక్కలు పీకినట్టు, మెదడు కూడా తనను తాను పలచన చేసుకుంటుందన్నమాట. టీనేజీలో ఈ పీకుడు లెక్క తప్పితే స్కిజోఫ్రీనియా వస్తుందా అని 1982లో ఫైన్‌బర్గ్ అనే అమెరికా మనోవైద్యుడు అడిగారు. 1999లో జే గీడ్ బృందం పిల్లలకు ఏళ్ల తరబడి ఎమ్మారై తీసి, మెదడు ముందుభాగంలో బూడిదరంగు పదార్థం (నాడీకణాలు గుమిగూడి ఉండే భాగం) పదకొండు పన్నెండేళ్ల దాకా పెరిగి, ఆపైన తగ్గుతుందని చూపించింది.

అంతా దీనివల్లే అనడం తొందరపాటే. వంశం ఉంది, కడుపులో పడ్డనాటి తిండి ఉంది. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు ఆకలి రోజుల్లో కడుపున పడ్డవాళ్లలో ఈ జబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. ఏటా వలస పోయే మన పల్లెల్లో గర్భిణి తిండి అంటే బిడ్డ బరువు, ఒంట్లో రక్తం గురించే మాట్లాడతాం. మెదడు ఊసు రాదు.

2005లో వచ్చిన ఒక అమెరికా సర్వే ప్రకారం, మానసిక జబ్బుల్లో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయి. 2022 అక్టోబరు నుంచి మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ తల్లికి ఈ నంబరు తెలియదు.

విజయనగరం దాటాక ఆవిడే మళ్లీ అందుకుంది. తొమ్మిదో తరగతిలోనే ఆటకెళ్లడం మానేశాడట. రాత్రుళ్లు నిద్ర లేకుండా అరుగు మీద కూర్చునేవాడట. "చదువుకుంటన్నాడు అనుకున్నాం బాబూ."