గ్యాస్ పడింది సరే, బయటికొచ్చేదెప్పుడు?

చిరంజీవులు మనవళ్ళకూ మనవరాళ్ళకూ కావలి నుంచి తాతయ్య ఆశీస్సులు.

రామాయపట్నం దగ్గర రిఫైనరీ పెడతారని పేపర్లో చూసినప్పటి నుంచీ మీ అందరిదీ ఒకటే ప్రశ్న: "తాతయ్యా, అయితే మన సముద్రంలో ఆయిల్ పడిందా?" పడలేదర్రా. రిఫైనరీ వేరు, ఆయిల్ ఫీల్డ్ వేరు. రిఫైనరీకి ముడిచమురు ఏ దేశం నుంచైనా ఓడలో తెచ్చుకోవచ్చు, అందుకే దాన్ని రేవు పక్కన కడతారు. ఫీల్డ్, అంటే చమురూ గ్యాసూ దొరికే చోటు, మాత్రం ఎక్కడుంటే అక్కడికి మనమే పోవాలి. మన రాష్ట్రంలో సముద్రం మీద ఆ పని జరిగేది ఉత్తరాన, కోనసీమ, కాకినాడల ఎదురుగా. నేను బావులు తవ్వే రిగ్గుల మీద మడ్ సెక్షన్‌లో (మడ్ అంటే ఏమిటో కింద చెబుతాను) పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ సంగతులే రాస్తాను.

భూమి లోపల నూనె చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నీళ్ళతొట్లో నానేసిన ఇటుకను గుర్తు తెచ్చుకోండి. నీళ్ళన్నీ దాని సందుల్లోనే ఉంటాయి, పైకి కనపడవు. చమురూ గ్యాసూ అలాగే ఇసుకరాతి సందుల్లో ఉంటాయి. పైన గట్టి మట్టిరాయి మూతలా ఉంటేనే అక్కడ నిలుస్తాయి. ఆ రాయి ఎక్కడుందో ముందు ఓడలతో సర్వే చేసి, శబ్దం పంపించి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి గీస్తారు. ఆ కేబుళ్ళు ఓడ వెనక కిలోమీటర్ల పొడవున తేలుతుంటాయి గనక, ఆ రోజుల్లో వేటకు పోయే బోట్లను పక్కకు తప్పుకోమంటారు. మత్స్యకారుల ఊళ్ళవాళ్ళకు మొదటి తలనొప్పి అక్కడే మొదలు.

తర్వాత ఒక బావి తవ్వి చూస్తారు. గ్యాస్ తగిలితే పేపర్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. అసలు పని అప్పటికి ఇంకా మొదలే కాలేదని ఆ వార్తలో ఎవరూ రాయరు! ఎంత ఉంది, ఎంత వెడల్పున ఉంది, రోజుకెంత వస్తుంది తెలియాలంటే చుట్టూ ఇంకా బావులు వెయ్యాలి. అప్పుడు ఎన్ని బావులు, ఎక్కడెక్కడ, పైపు ఏ ఒడ్డుకు, ఖర్చెంత అని ప్లాన్ రాసి ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఆగాలి. దీన్నే ఫీల్డ్ డెవలప్‌మెంట్ అంటారు. ఒక్క చుక్క అమ్మకముందే వేల కోట్లు సముద్రంలో పెట్టెయ్యాలి. ఆ టెన్షన్ మామూలుది కాదు.

కృష్ణా-గోదావరి తీరం ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డీ6 అనే బ్లాకు (తవ్వకానికి కేటాయించిన ప్రాంతం) సంగతే చూడండి. రిలయన్స్‌కు అక్కడ గ్యాస్ తగిలింది 2002లో, గాడిమొగ ఒడ్డుకు చేరింది 2009 ఏప్రిల్‌లో. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయని ప్లాన్. 2010లో 6 కోట్లు దాటిందో లేదో, మరి పెరగలేదు సరికదా దిగడం మొదలెట్టింది. బావుల్లోకి నీళ్ళూ ఇసుకా వచ్చాయి. నేల తీరు అనుకున్నట్టు లేదని కంపెనీ అంది, ప్లాన్ ప్రకారం బావులు వెయ్యలేదని ప్రభుత్వం అంది, తగాదా ఆర్బిట్రేషన్‌కెక్కింది, అంటే మధ్యవర్తుల ముందుకు పోయింది. ఆ గ్యాస్ తోడిన డీ1, డీ3 అనే రెండు ఫీల్డులూ 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. నా మటుకు నాకు, లోపల ఎంతుందో తోడితే గానీ ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అదే బ్లాకులో ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆర్-క్లస్టర్ అనే ఇంకో ఫీల్డు మొదలైంది. అక్కడ నీళ్ళ లోతే 2 కిలోమీటర్ల పైన. ఓఎన్‌జీసీ వాళ్ళ 98/2 బ్లాకులో మొదటి చమురు 2024 జనవరి 7న వచ్చింది, అదీ ఏళ్ళ తరబడి ఎదురుచూశాక.

ఇక నా పని. డ్రిల్లింగ్ చేసేటప్పుడు పైపు గుండా చిక్కటి ద్రవాన్ని లోపలికి కొడతారు. దాన్నే మడ్ అంటాం. అది బిట్టును, అంటే రాయిని తొలిచే మొనను, చల్లబరిచి, తవ్విన రాతి ముక్కల్ని మోసుకుంటూ పైకొచ్చి, గడగడా ఊగే జల్లెడ మీద పడుతుంది. ముక్కలు పైన మిగులుతాయి, మడ్ కిందికి దిగి మళ్ళీ బావిలోకి పోతుంది. కానీ దాని అసలు ఉద్యోగం బరువు. లోపలి గ్యాస్ ఒత్తిడిని ఆ బరువే తొక్కిపెట్టాలి. ఆ బరువు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా? ముగ్గురాయి! పాత కడప జిల్లా మంగంపేటలో తవ్వుతారే, అదే. నీటికంటే నాలుగు రెట్లు పైగా బరువుంటుంది. మన కృష్ణపట్నం రేవు నుంచి కూడా అది ఓడలెక్కింది. మన సముద్రంలో బావి లేకపోయినా మన రాయి మాత్రం ఎవరెవరి సముద్రాల్లోనో బావుల్ని కాస్తోంది.

ఆ బరువు చూడటానికి మడ్ బ్యాలెన్స్ అని చిన్న తక్కెడ ఉంటుంది. ఒక కొసన గిన్నె. అందులో మడ్ నిండా పోసి, మూత తిప్పుతూ నొక్కితే మధ్య చిల్లు లోంచి కాస్త బయటికొస్తుంది. దాన్ని శుభ్రంగా తుడవాలి, తుడవకపోతే లెక్క తప్పు. తర్వాత కాడ మీది గుండును జరుపుతూ, మట్టం చూపే గాజుగొట్టంలో బుడగ సరిగ్గా నడుమకొచ్చినప్పుడు అంకె చదవాలి. రాత్రనక పగలనక అదే పని. బరువు తగ్గితే గ్యాస్ తోసుకొస్తుంది, దాన్ని కిక్ అంటాం. పెరిగితే రాయి పగిలి మడ్ అంతా నేలలోకి ఇంకిపోతుంది. లోతు సముద్రంలో ఈ రెంటికీ మధ్య సందు మరీ ఇరుకు, ఎందుకంటే పైనున్న దాంట్లో చాలా భాగం రాయి కాదు, నీళ్ళు. కిక్ వస్తే బావి నోరు మూసెయ్యడానికి అడుగున బీఓపీ అని వందల టన్నుల యంత్రం ఉంటుంది. అదీ పనిచెయ్యకపోతే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 20న అమెరికా దగ్గర డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గులో చూశారు, 11 మంది పోయారు. మన దగ్గర నేల మీదే, 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది.

తవ్వకం అయ్యాక అడుగున వాల్వులు బిగించి, పైపులు కలపాలి. అంత లోతుకు మనిషి దిగలేడు. పైనున్న ఓడలో కూర్చుని కెమెరా చూస్తూ రోబోతో చేయిస్తారు. అక్కడ నీళ్ళు ఫ్రిజ్జులో నీళ్ళంత చల్లన. ఆ చలికీ ఒత్తిడికీ గ్యాసూ నీళ్ళూ కలిసి మంచులా గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, అందుకని గ్లైకాల్ కలుపుతూనే ఉండాలి.

చిన్నోడు అడిగాడు, సముద్రంలో కాళ్ళ మీద నిలబెట్టే ప్లాట్‌ఫామ్ దగ్గర చేపలు పట్టుకోవచ్చా అని. దాని కాళ్ళ చుట్టూ చేపలు బాగా చేరతాయి, నిజమే. కానీ చుట్టూ 500 మీటర్ల లోపలికి బోటు రాకూడదు. కోనసీమ, యానాం వైపు వేట పోయిందని పరిహారం కోసం మత్స్యకారులు రోడ్డెక్కింది ఇలాంటి వాటికే. వాళ్ళది అన్యాయమైన కోరికని నేననను.

వేసవి సెలవుల్లో అందరూ రండి. నా దగ్గర పాత మడ్ బ్యాలెన్స్ ఒకటుంది, ముగ్గురాయి పొడి తెప్పిస్తాను. మీరే కలిపి, మీరే తూచండి. పాత బట్టలు తెచ్చుకోండి, ఆ మరకలకు మీ అవ్వ నన్ను తిట్టకుండా.

మీ తాతయ్య