‘అసెరెహే’ అర్థం కాలేదా? మీ స్పానిష్‌కేం ఢోకా లేదు

నేను స్పానిష్ చెప్పే ఏ2 (ఆరు మెట్లలో రెండోది) బ్యాచ్ సగానికొచ్చేసరికి ఎవరో ఒకరు క్లాసయ్యాక వెళ్లకుండా నిలబడతారు. "సార్, నాకిక స్పానిష్ రాదేమో. ఇన్నాళ్లుగా నేర్చుకుంటున్నా ఒక్క పాట అర్థమై చావట్లేదు." ఏ పాటమ్మా అంటే, నూటికి తొంభై పాళ్లు ఏదో వేసవి హిట్టే, అంటే స్పానిష్ దేశాల్లో ఎండాకాలమంతా మోగిపోయే డ్యాన్స్ పాటే. పొద్దంతా ఆఫీసు చేసుకుని, రాత్రిళ్లు కూర్చుని క్రియారూపాలు బట్టీపట్టినవాళ్లు ఈ ఒక్క భ్రమతో కోర్సు మానేసి వెళ్లిపోతున్నారు. అందుకే దీన్ని కాస్త గట్టిగా చెబుతాను.

అపోహ: వేసవి పాటలు తేలిక. అవే అర్థం కాకపోతే భాష రానట్టే.

వాస్తవం: అవి అర్థమయ్యేందుకు కాదు, ఆడేందుకు కట్టినవి. బీచ్‌లో, ఊరి జాతరలో, సగం మత్తులో ఉన్న జనం మొదటిసారి విని రెండోసారి పాడేయాలి. అంతే వాటి పని.

2002 వేసవిని ఊపేసిన ‘అసెరెహే’నే తీసుకోండి. పాడింది లాస్ కెచప్ అనే బృందం, దక్షిణ స్పెయిన్‌లోని కోర్దొబాకు చెందిన అక్కచెల్లెళ్లు. ఆ పల్లవి స్పానిష్ కాదు. ఏ భాషా కాదు. 1979 నాటి అమెరికన్ ర్యాప్ ‘ర్యాపర్స్ డిలైట్’ మొదటి లైన్లు ఇంగ్లిష్ రాని చెవికి ఎలా వినపడతాయో అలా రాశారు. పాటలో దియేగో అనే కుర్రాడు క్లబ్బుకొస్తాడు, అర్ధరాత్రి పన్నెండుకి డీజే అతనికిష్టమైన పాట పెడతాడు, వాడు నోటికొచ్చినట్టు అందుకుంటాడు. హిందీ రాని రోజుల్లో చిత్రహార్ చూస్తూ మనం పాడిన పాడుడే.

ఒకమ్మాయి ఆ పల్లవిని ముక్కలు ముక్కలు చేసి తెచ్చింది. నోట్‌బుక్‌లో ఎడమపక్క ముక్కలు, కుడిపక్క డిక్షనరీలో దొరికిన అర్థాలు. సగం గళ్లు ఖాళీ. ఆ ఖాళీలే ఒప్పు, నింపినవన్నీ తప్పు అని చెప్తే చాలాసేపు నా మొహమే చూసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చరణాలు అసలైన స్పానిషే. కానీ కోర్దొబా ఉన్న ఆందలూసియా ప్రాంతం వాళ్లు మాట చివరి ‘స్’ని మింగేస్తారు. ప్యూర్టోరికో, క్యూబా గాయకులూ అంతే. పరీక్షలో వినిపించే ఆడియో అలా పరుగెత్తదు, ఏ2 స్థాయికి తగ్గట్టు నిదానంగా ఉంటుంది. పాట అందలేదని పరీక్ష ఫీజు వదులుకోకండి, దయచేసి.

అపోహ: ఆ పల్లవిలో సైతాను స్తోత్రం ఉంది.

వాస్తవం: లేదు. అక్షరాలు విడగొట్టి "మతద్రోహివి కా" అని వినిపించుకున్నవాళ్లు అప్పట్లో లాటిన్ అమెరికాలోనూ ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఇంకా అదే ఫార్వర్డ్. ఎవరైనా పంపితే డిలీట్ కొట్టండి.

అపోహ: ‘మకరేనా’ చిన్నపిల్లల పాట.

స్కూల్ యానివర్సరీల్లో యూకేజీ పిల్లలు గెంతుతుంటే చూసి మురిసిపోయే తల్లిదండ్రులకు నేనెప్పుడూ అర్థం చెప్పలేదు. పాటలో ప్రియుడు సైన్యంలో చేరి ప్రమాణం చేస్తుంటే, మకరేనా అతగాడి ఇద్దరు స్నేహితులతో ఉంటుంది. స్పెయిన్‌లో సెవిల్ నగరం దగ్గరి దోస్ ఎర్మానాస్ ఊరి గాయకుల జోడీ లోస్ దెల్ రియో 1993లో తెచ్చిన పాట ఇది. దీని రీమిక్స్ 1996లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. అన్ని వారాలు ఆడినవాళ్లలో ఎందరు అర్థం పట్టించుకున్నారంటారు?

అపోహ: ఇవన్నీ స్పెయిన్ సరుకే. కాదు. ‘దెస్పసీతో’ పాట ప్యూర్టోరికోది. స్పెయిన్‌లో వేసవి పాటల రాజుగా పేరుపడ్డ జార్జి డాన్ అయితే పారిస్‌లో పుట్టిన ఫ్రెంచివాడు.

అపోహ: వేసవి అంటే జూన్ నుంచి ఆగస్టు. అన్నిచోట్లా కాదు. అర్జెంటీనా, చిలీల్లో క్రిస్మస్‌కి ఎండలు మండుతుంటాయి. అర్జెంటీనా దర్శకురాలు లుక్రేసియా మార్తెల్ సినిమా ‘లా సియెనగా’ (2001) చూడండి: సాల్తా ప్రాంతపు ఉక్క, పాచిపట్టిన ఈతకొలను, ఏ పనీ చేయబుద్ధికాని కుటుంబం. సబ్‌టైటిల్స్ రాసే తమ్ముళ్లూ, డైలాగులో ఫిబ్రవరి వినపడి తెరమీద చెమట కనపడితే నెలను "సరిదిద్దకండి".

అపోహ: పేరులో వేసవి ఉంటే సరదా కథ.

స్పెయిన్ రచయిత ఫెర్నాన్ గోమెస్ నాటకం ‘లాస్ బిసిక్లేతాస్ సోన్ పారా ఎల్ వెరానో’, అంటే సైకిళ్లున్నది వేసవి కోసమే. 1982లో మద్రిద్‌లో తొలి ప్రదర్శన. పేరు చూసి పిల్లల నాటకమనుకుని కాలేజీ ఫెస్ట్‌కి అడిగారు ఒకసారి. అది 1936 వేసవి. లూయిసితో అనే కుర్రాడికి సైకిల్ కావాలి, ఫిజిక్స్ తప్పాడు. ఇంతలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై దాదాపు మూడేళ్లు సాగుతుంది. మద్రిద్‌లో తిండి కరువు. పొయ్యిమీది పప్పు రోజూ తరిగిపోతోందని తల్లి నిలదీస్తే, ఇంట్లో ఒక్కొక్కరే ఒప్పుకుంటారు: అటువైపు వెళ్లినప్పుడల్లా ఒక చెంచా నోట్లో వేసుకున్నామని. ఫెస్ట్‌లో వేయాలంటే నిక్షేపంగా వేయండి, కానీ ముందు చివరిదాకా చదివి, తండ్రి పాత్రకు వయసున్న నటుణ్ణి వెతుక్కోండి.