రీమ్స్‌లో పిల్లల గోల: లాబిరింత్ వాదనకు అసలు మలుపు

సమ్మర్ క్యాంపుల్లో పిల్లలతో లాబిరింత్ (వంపులు తిరుగుతూ నడిమధ్యకు చేర్చే ఒకే దారి ఉన్న బొమ్మ) గీయించడం మీద పాత వాదన మళ్లీ మొదలైంది. నేల మీద సుద్దతో తాము గీసుకున్న దారిలో పిల్లలు ధ్యానంలో ఉన్నట్టు మౌనంగా నడవాలా, అరుచుకుంటూ పరిగెత్తినా ఫరవాలేదా? లాబిరింత్‌లో బంధించిన ఎద్దుతల రాక్షసుడు మినోటార్ గ్రీకు కథ చాలామంది చెప్పేదే కాబట్టి నేరుగా ఫ్రాన్స్‌కు వద్దాం.

అక్కడి రీమ్స్ నగరపు కెథడ్రల్‌లో (పెద్ద చర్చిలో) మధ్యయుగాల నాటి పెద్ద లాబిరింత్ ఒకటి నేల మీద పరిచి ఉండేది. నాలుగు మూలల్లో ఆ కెథడ్రల్ కట్టిన పెద్ద మేస్త్రీల బొమ్మలు. 1779లో చర్చి పెద్దలు దాన్ని పెకలించేశారు. ప్రార్థన వేళ పిల్లలు దాని మీద ఆడుతూ గోల చేస్తున్నారట! ప్రార్థన చోట నిశ్శబ్దం కోరడం తప్పు కాదు. కానీ గోల ఆపడానికి నేలనే తవ్వేయాలా? అంతకు రెండు శతాబ్దాల ముందు జాక్ సెలియే అనే ఆయన కాగితం మీద గీసిపెట్టబట్టి అదెలా ఉండేదో మనకు తెలుస్తోంది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో రక్షిత కట్టడాలకు పెట్టే లోగో ఆ బొమ్మే.

ఇంకా వెనక్కి వెళ్తే గ్రీసులోని పైలోస్. క్రీ.పూ. 1200 ప్రాంతపు మట్టిపలక మీద ఒకవైపు మేకల లెక్క, వెనకవైపు ఎవరో గీకిన లాబిరింత్. రాజభవనం తగలబడితే పచ్చి పలక కాలి గట్టిపడి మిగిలింది. లెక్కలు రాస్తూ విసుగు పుట్టి గీశాడనే నాకనిపిస్తుంది.

పిల్లలకు నేర్పేదీ ఆ పలక మీదున్న ఏడు వరుసల రకం బొమ్మే. ముందు కూడిక గుర్తు. దాని నాలుగు గదుల్లో తలా ఒక ఎల్ ఆకారపు గీత, బయటి మూలన ఒక చుక్క. కూడిక తలను పక్క గీత కొసతో వంపుగా కలిపి, ఆపైన అటో కొస ఇటో కొస కలుపుతూ పోతే ఎనిమిది వంపులకు దారి పూర్తవుతుంది. చుక్కల ముగ్గు వచ్చిన పిల్లలకు ఇదెంత పని!

మన టీచర్లు దీన్ని పద్మవ్యూహం అని చెబుతారు. కర్ణాటకలోని 12వ శతాబ్దపు హళేబీడు గుడి గోడ మీద శిల్పులు ఆ వ్యూహాన్ని లాబిరింత్‌గానే చెక్కారు. అది యుద్ధం. అక్కడ మౌనమెక్కడిది?

లాబిరింత్ అంటే ధ్యానపు నడక అన్న పేరు ఇంతగా పాకింది 1990లలో, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్‌లో లారెన్ ఆర్ట్రెస్ అనే మతగురువు మొదలుపెట్టిన నడకల తర్వాతే. క్యాంపుల్లో ఇప్పుడు పెడుతున్న ‘మాట్లాడొద్దు’ రూలు అక్కణ్ణుంచి వచ్చిందనే నాకనిపిస్తుంది.