పీచు పేగులో, ఫలితం లివర్‌లో

హన్మకొండలో ఏ స్కానింగ్ సెంటర్ ముందు కాసేపు కూర్చున్నా ‘గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్’ అన్న మాట చెవిన పడుతుంది. వెంటనే వచ్చే ప్రశ్న: “చుక్క మందు ముట్టనోనికి లివర్ల కొవ్వేంది?” న్యాయమైన ప్రశ్నే. కానీ లివర్‌లో కొవ్వు 5 శాతం దాటడానికి మందే తాగనక్కర్లేదు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, సరిగా పనిచేయని ఇన్సులిన్ చాలు. మనవాళ్లలో నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడాలంటారు డాక్టర్లు.

ఇందులో పీచు పనేంటి? అరగదు, ఒంటికి పట్టదు, మలబద్ధకం పోగొడుతుంది... చాలామందికి తెలిసింది అంతే. అసలు సంగతి అరగకపోవడంలోనే ఉంది. చిన్నపేగులో అరగని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు బ్యుటిరేటే ముఖ్యమైన ఆహారం. ఆ గోడ దెబ్బతింటే బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారతాయి. పేగుల రక్తం నేరుగా వెళ్లేది లివర్‌కే. లివర్‌కు అందే రక్తంలో ముప్పావు వంతు అదే మరి! పేగులో ఏం తేడా వచ్చినా ముందు తగిలేది దానికే. వాపు అలాగే మొదలవుతుంది.

ఇంకో దారి పిత్తరసం. ఓట్స్, పప్పుల్లో ఉండే జిగురు పీచు పిత్తరసంలోని ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. కొత్తవి చేసుకోవడానికి లివర్ కొలెస్ట్రాల్‌ను వాడుకోవాల్సిందే. తిన్న చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కకుండా ఆపేదీ ఆ జిగురే.

ఇక మన కంచం. రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాముల్లో ఉండేది 3 గ్రాముల లోపే. అంటే పావుకిలో బియ్యం వండుకు తిన్నా 7 గ్రాములే. అదే వంద గ్రాముల జొన్నల్లో 10 గ్రాములు. పొట్టు తీయని పెసర్లలో 17, పొట్టు తీసిన పెసరపప్పులో 9. మిల్లులో పోయిన తవుడు బర్రెలకు, మిగిలిన పిండి మనకు! మక్క గట్క, జొన్నరొట్టె, పుంటికూర తిన్న తరం లెక్కలు వేసుకోకుండానే ఆ 25 గ్రాములను దాటేసింది. అయితే వాళ్లు పొద్దంతా పొలంలో ఉన్నారన్నదీ మరిచిపోకూడదు.

మనుషుల మీద ఆధారం ఉందా అంటే, ఉంది. 2023లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో ఫ్యాటీ లివర్ ఉన్న 200 మందిలో కొందరికి నాలుగు నెలలు రోజుకు 40 గ్రాముల అరగని స్టార్చ్, అంటే పీచులాగే అరక్కుండా పెద్దపేగుకు చేరే పిండిపదార్థం, ఇచ్చారు. మామూలు స్టార్చ్ తిన్నవాళ్లకంటే వీళ్ల లివర్‌లో కొవ్వు ఎక్కువగా తగ్గింది. చల్లారిన సద్దన్నంలోనూ అలాంటి స్టార్చ్ కొంత ఉంటుంది కానీ 40 గ్రాములకు చాలా దూరం.

అలాగని డబ్బాల్లో అమ్మే పీచు పొడికి ఎగబడనక్కర్లేదు. 2018లో శుద్ధిచేసిన ఇన్యులిన్ అనే పీచు పెట్టిన ఎలుకల్లో కొన్నింటికి, పేగు బ్యాక్టీరియా అదుపు తప్పినవాటికి, ఏకంగా లివర్ క్యాన్సర్ వచ్చింది. మనుషులకూ అంతే అని కాదు, కానీ పెసర్లు, జొన్నలు ఉండగా పొడి ఎందుకన్నది నా అభిప్రాయం. పీచు పెంచేటప్పుడు మెల్లగా పెంచండి, నీళ్లు బాగా తాగండి. లేకపోతే మొదటి వారమే గ్యాస్ పట్టి గట్క గిన్నె అటకెక్కుతుంది.