మేక మేతలోకి మందు ఆకు మళ్లీ ఎందుకొచ్చింది?

మాంసం కోసం మేకలు పెంచే షెడ్లలో వేపాకు పొడి, మునగాకు, అవిశ రొట్ట దాణాతో పాటు పెట్టమని ఇప్పుడు చాలామంది సలహా ఇస్తున్నారు. దీన్ని కొత్త పద్ధతి అనుకోనక్కర్లేదు. ఆకులు తినడం మేక తనంతట తాను మానలేదు, మనమే వాటిని దానికి అందకుండా చేశాం.

మేకకు గడ్డి కంటే ఆకే ఇష్టం. వెనక కాళ్ల మీద లేచి రేగు, తుమ్మ కొమ్మలు అందుకుంటుంది. అందనివి కాపరి దోటితో కోసి మండలు వేస్తాడు. ఇలాంటి ఆకుల్లో చాలావాటికి వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. తగుమాత్రంగా ఉంటే అవి మేతలోని ప్రొటీన్ పెద్ద పొట్టలోనే (రూమెన్) కరిగిపోకుండా కొంత కాపాడతాయి, నట్టలనూ, అంటే కడుపులో చేరే పురుగులనూ, కొంత అదుపులో ఉంచుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. నట్టల పిల్ల పురుగులు ఎక్కేది తడి గడ్డి పరకల మీదికి. పైకొమ్మలు మేసే జీవానికి అవి అంతగా అంటవు. మేకకు నట్టలను తట్టుకునే శక్తి గొర్రెకున్నంత లేకపోవడానికి కారణం ఇదేనంటారు, వాటితో పోరాడే అవసరం దానికి తక్కువే పడింది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో మేపు మీద ఆంక్షలు వచ్చాయి. మేకను అడవికి శత్రువుగా చూసే అలవాటు స్వాతంత్ర్యం తర్వాతా పోలేదు. మేకలు, గొర్రెల వల్లే పర్యావరణం దెబ్బతింటోందన్న వాదనను 1987లో సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన పనిచేసిన ప్రభుత్వ టాస్క్‌ఫోర్స్ ఒప్పుకోలేదు. అయినా ఆ నింద మేకను వదల్లేదు. మరోపక్క ఊళ్లలో బంజర్లు, బీళ్లు తగ్గిపోయాయి. మేకలు మాత్రం తగ్గలేదు, 2019 పశుగణనలో దేశంలో 14.89 కోట్లు తేలాయి. మిగిలిన కాస్త బీడులోనే ఎక్కువ జీవాలు, నేలకు దగ్గరగా, గడ్డే మేస్తూ ఉంటే నట్టలు పెరగక ఏం చేస్తాయి?

వీటిలో ప్రమాదకరమైనది హీమాంకస్, రక్తం తాగే నట్ట. అది పట్టిన మేకకు కనురెప్పల లోపలి పొర పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. 1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చినప్పుడు ఈ బెడద తీరిందనుకున్నారు. మూడేళ్లకే అమెరికాలో గొర్రెల్లో దానికి లొంగని నట్టలు కనిపించాయి. 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చింది. దాన్ని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ ఇచ్చారు గానీ, అప్పటికే చాలా దేశాల్లో నట్టలు ఆ మందునూ తట్టుకుంటున్నాయి. మేకల విషయంలో మన తప్పు కూడా ఉంది. చాలా మందులను మేక శరీరం గొర్రె కంటే త్వరగా కరిగించేస్తుంది. అయినా ఏళ్ల తరబడి గొర్రె మోతాదే తాపారు. చాలీచాలని మందుకు చావని నట్టలే మిగిలి, వాటి సంతానమే పెరిగింది.

ఆ మందులు పనిచేయకపోవడంతోనే ఆకు మీద పరిశోధన ఊపందుకుంది. 2006లో యూరప్, పశువుల ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం పూర్తిగా ఆపాక మొక్కల పదార్థాలకు గిరాకీ ఇంకా పెరిగింది.

అయితే ఆకు అన్నంత మాత్రాన హాని ఉండదనుకోవడం నాకు భయం కలిగిస్తుంది. టానిన్లు మితిమీరితే మేత తగ్గుతుంది, అరుగుదల చెడుతుంది. మేతకు వాడే సుబాబుల్ చెట్టు ఆకునే చూడండి. అందులోని మిమోసిన్ అనే విషం వల్ల పశువులకు వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ వాస్తుంది. హవాయిలోని మేకలు మాత్రం అదే ఆకు తిని బాగానే ఉండేవి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ దాని కారణం వెతికి, ఆ విషాన్ని విరిచేసే సూక్ష్మజీవి వాటి పెద్ద పొట్టలో ఉందని తేల్చారు. 1992లో ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరే కలిపి సినర్జిస్టెస్ జోన్సీ అన్నారు. ఒకచోటి మేకకు పడిన ఆకు ఇంకోచోటి మేకకు పడకపోవచ్చు. అందుకే సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదంటారు.

ఆకు పొడి మొదలుపెట్టామని నట్టల మందు పూర్తిగా మానేయడం మాత్రం వద్దు. రెప్ప తెల్లబడిన మేకకు ఆకు సరిపోదు, వెంటనే పశువైద్యుడికి చూపించి మేక మోతాదులో మందు తాపించాలి. రెప్ప ఎర్రగా, మేక హుషారుగా ఉంటే తాపనక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో 1990లలో ఇదే లెక్కన, రెప్ప లోపలి రంగుతో పోల్చి చూసే రంగుల కార్డు తయారుచేశారు. మందు అవసరమైనవాటికే పడటంతో నట్టలు మొండికెత్తడం నెమ్మదించింది.